పర్లాకిమిడిలో పాట, టెక్సస్‌లో ఛానల్: హద్దులు దాటిన కాపీరైట్ తగాదాలో ఏ కోర్టు, ఏ చట్టం?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక తప్పెటగుళ్ళ బృందం తన పాటలను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టిందనుకుందాం. కొన్నాళ్లకు అదే రికార్డింగు, పేరు మార్చుకుని, అమెరికాలోని టెక్సస్ నుంచి నడిచే ఒక తెలుగు ఛానల్‌లో తేలింది. దాన్ని ముక్కలు చేసి దుబాయ్‌లో ఒకరు, విశాఖపట్నంలో ఇంకొకరు రీల్స్‌గా పెట్టుకున్నారు. ఇక సలహాలు మొదలవుతాయి. పోలీస్ స్టేషన్‌కు పొమ్మని ఒకరు, కటక్ హైకోర్టుకు పొమ్మని మరొకరు, అమెరికాలో ఉన్నవాణ్ని మనమేం చేయగలమని ఇంకొకరు. మూడూ తొందరపాటు మాటలే.

ఇలాంటి తగాదాలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. ఏ కోర్టు దీన్ని వినగలదు? ఏ దేశపు చట్టం ప్రకారం తేలుస్తుంది? వచ్చిన ఉత్తర్వు ఎక్కడ అమలవుతుంది? లా పుస్తకాలు ఈ వరుసలోనే చెబుతాయి. ఆచరణలో మాత్రం చివరి ప్రశ్నను ముందుకు తేవాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు గానీ, ఇక్కడ ఇంట గెలిచిన కాగితం రచ్చలో చెల్లకపోవచ్చు.

అడుగు 1: ఉత్తర్వు ఎవరి మీద పనిచేయాలో ముందు తేల్చుకోండి

మీకు కావలసింది వీడియో తొలగిపోవడమా, డబ్బా, మీ పేరు పడటమా? వీడియో పోతే చాలనుకుంటే అప్‌లోడ్ చేసిన మనిషి ఎక్కడ ఉన్నా పెద్ద తేడా లేదు, మీ పని ప్లాట్‌ఫామ్‌తోనే. డబ్బు కావాలంటే మాత్రం అతని ఆస్తి, బ్యాంకు ఖాతా ఏ దేశంలో ఉన్నాయన్నదే అసలు సంగతి.

విశాఖపట్నం మనిషి సంగతి తేలిక. ఒడిశా కోర్టు ఇచ్చిన డిక్రీని అమలు కోసం ఆంధ్రప్రదేశ్ కోర్టుకు బదిలీ చేయించుకోవచ్చు. పాతపట్నం దాటితే రాష్ట్రం మారుతుంది గానీ కాపీరైట్ చట్టం మారదు. రెండు వైపులా 1957 నాటి చట్టమే.

దుబాయ్ మనిషి విషయంలో కొంత దారి ఉంది. భారత్, యూఏఈ మధ్య 1999లో న్యాయ సహకార ఒప్పందం కుదిరింది. 2020 జనవరిలో మన కేంద్ర ప్రభుత్వం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద యూఏఈని పరస్పర అమలు దేశంగా ప్రకటించింది. బ్రిటన్, సింగపూర్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అమెరికా లేదు. కాబట్టి అమెరికా కోర్టు తీర్పును ఇక్కడ నేరుగా అమలు చేయలేరు, దాని ఆధారంగా మళ్లీ దావా వేయాల్సిందే. మన డిక్రీని అక్కడికి తీసుకుపోతే గుర్తింపు ఆయా రాష్ట్రాల చట్టాల మీద ఆధారపడుతుంది. ఆ చట్టాలు ప్రధానంగా డబ్బు తీర్పుల కోసం రాసినవి, ఇంజంక్షన్ల (ఫలానా పని ఆపమనే ఉత్తర్వుల) కోసం కాదు.

పరస్పర అమలు దేశమైనా ఒక మెలిక ఉంది. ప్రతివాది మన కోర్టుకు హాజరు కాకపోయి, అతనికి ఇక్కడ నివాసం గానీ వ్యాపారం గానీ లేకపోతే, మన ఎక్స్‌పార్టీ డిక్రీని బ్రిటన్ కోర్టు పక్కన పెట్టవచ్చు. అందుకే ఎవరి మీద గెలవాలన్న దానికంటే ఎవరి దగ్గర వసూలు చేయగలమన్నది ముందు చూడమంటున్నాను.

అడుగు 2: మీ చేతిలో ఉన్న హక్కు ఏమిటో రాసుకోండి

జానపద పాట తరతరాలది, దాని మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. కానీ మీ రికార్డింగుకు ఉంటుంది, దాని యజమాని నిర్మాత. పాడినవారికి, ఆడినవారికి సెక్షన్ 38 కింద ప్రదర్శకుల హక్కు ఉంటుంది. మీరు కొత్తగా కట్టిన చరణాలుంటే సాహిత్యం మీద రచయితకు హక్కు. ఈ మూడింటినీ విడివిడిగా రాసుకోండి. మీ చరణాలు వాడకుండా, టెక్సస్ ఛానల్ తమ గాయకులతో ఆ జానపద పాటను కొత్తగా పాడించుకుంటే మీరు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. మీ రికార్డింగునే ఎత్తుకుంటే సంగతి వేరు.

తర్వాత పాత కాగితాలు తీయండి. మన సరిహద్దు ఊళ్లలో చాలా బృందాలు శ్రీకాకుళం, విశాఖ స్టూడియోలకు వెళ్లి, ఒక పేజీ కాగితం మీద సంతకం పెట్టి వస్తాయి. హక్కులన్నీ పోయాయని వాళ్ల అనుమానం. అంత కంగారు అక్కరలేదు. సెక్షన్ 19 ప్రకారం బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలే అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. అంటే ఆ కాగితంలో ప్రపంచం మొత్తానికి అన్న మాట లేకపోతే విదేశీ హక్కులు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. టెక్సస్ తగాదాలో ఈ ఒక్క వాక్యమే మొత్తం కథను తిప్పేయవచ్చు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1886 నాటి బెర్న్ ఒప్పందం ప్రకారం సభ్య దేశాలన్నింటిలో ఏ లాంఛనమూ లేకుండానే రచనలకు రక్షణ ఉంటుంది. భారత్ 1928 నుంచి, అమెరికా 1989 నుంచి అందులో ఉన్నాయి. అయినా ఇక్కడ రిజిస్టర్ చేయించుకుంటే సెక్షన్ 48 కింద ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్యానికి 500 రూపాయలు, సౌండ్ రికార్డింగుకు 2,000 రూపాయల రుసుం.

అడుగు 3: వీడియో మాయం కాకముందే సాక్ష్యం పట్టుకోండి

నోటీసు పంపగానే అవతలివాడు మొదట చేసే పని వీడియోను తీసేయడమో దాచేయడమో. కాబట్టి సాక్ష్యం ముందు, నోటీసు తర్వాత. పూర్తి లింకు, ఛానల్ పేరు, తేదీ, సమయం, వీక్షణల సంఖ్య, వ్యాఖ్యలు, ప్రకటన కనిపిస్తే అదీ, స్క్రీన్ రికార్డింగుతో సహా భద్రపరచండి. మీ ఒరిజినల్ ఫైలును, అది పుట్టిన తేదీని తెలిపే వివరాలతో, ముట్టుకోకుండా వేరే డ్రైవ్‌లో ఉంచండి.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. ఫైలుకు హాష్ విలువ లెక్కగట్టడం కంప్యూటర్ తెలిసిన ఎవరికైనా చిటికెలో పని. దావా వేసే రోజున కాదు, సాక్ష్యం పట్టుకున్న రోజునే చేయించండి.

ఆ వీడియోను భారత్‌లో చూస్తున్నారనడానికి కూడా ఆధారం కావాలి. మన ఊళ్ల నుంచి వచ్చిన వ్యాఖ్యలు, ఇక్కడి వ్యాపారాల ప్రకటనలు, రూపాయల్లో చందా అడిగే బటన్ లాంటివి. ఇవి ఎందుకో అడుగు 5లో తెలుస్తుంది.

ఇక్కడే, తెలుగు రాష్ట్రాల బయట ఉన్న మనకు మాత్రమే ఉన్న ఒక చిక్కు. పాట తెలుగు, ఒప్పందం తెలుగు, వాట్సాప్ మాటలు తెలుగు. కింది కోర్టు భాష ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలోని సిరొంచ వైపైతే మరాఠీ, దాంతోపాటు ఇంగ్లిష్. తెలుగు కాగితం ప్రతిదానికీ అనువాదం జత చేయాల్సి వస్తుంది. ముఖ్యమైన పది పేజీలు ఎంచుకుని మంచి అనువాదం చేయించడం, వంద పేజీలు కుప్ప పోయడం కంటే మేలు. పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ రెండు భాషలూ చదవగల వకీళ్లు దొరుకుతారు. సిరొంచలో తెలుగు, మరాఠీ రెండూ తెలిసినవారికి కొదవ లేదు.

అడుగు 4: తొలగింపు నోటీసు

రెండు దారులున్నాయి. ఒకటి మనది. కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(సి), 2013 నియమాల్లోని 75వ నియమం కింద రాతపూర్వక ఫిర్యాదు అందాక, తృప్తి చెందితే ప్లాట్‌ఫామ్ 36 గంటల్లో ఆ లింకును నిలిపివేయాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవవచ్చు. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ప్లాట్‌ఫామ్‌కు భారత్‌లో ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన 24 గంటల్లో అందినట్లు తెలపాలి.

రెండోది అమెరికాది. 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం సెక్షన్ 512. పెద్ద ప్లాట్‌ఫామ్‌ల ఆన్‌లైన్ ఫారాలు దీన్ని బట్టి తయారైనవే. అబద్ధపు ప్రమాణానికి శిక్ష పడుతుందన్న ఎరుకతో, హక్కు మీదేనని సంతకం పెట్టాలి. జానపద బాణీ మొత్తం మాదేనని అందులో రాయకండి. తెలిసి తప్పు చెబితే నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది.

అవతలివాడు కౌంటర్ నోటీసు, అంటే వీడియో తొలగింపు తప్పన్న జవాబు, పెడితే గడియారం మీ వైపు తిరుగుతుంది. 10 నుంచి 14 పని దినాల్లోపు మీరు దావా వేసినట్లు చూపకపోతే వీడియో తిరిగి పైకి వస్తుంది. అందుకే నోటీసు పంపే రోజుకే దావా ఎక్కడ వేస్తారో తేలి ఉండాలి.

అడుగు 5: మీ జిల్లా కోర్టు

చాలామంది వకీళ్లు కూడా మరిచిపోయే మంచి సౌకర్యం ఇది. మామూలు సివిల్ దావాలో ప్రతివాది ఉన్న చోటికో, వ్యాజ్య కారణం (తగాదాకు మూలమైన సంఘటన) పుట్టిన చోటికో వెళ్లాలి. కాపీరైట్ దావాకు సెక్షన్ 62(2) ఇంకో తలుపు తెరిచింది. వాది నివసించే చోట, వ్యాపారం చేసే చోట, లేదా పని చేసుకుని బతికే చోట దావా వేయవచ్చు. బృందం నాయకుడు పర్లాకిమిడిలో ఉంటే గజపతి జిల్లా కోర్టు చాలు, హైదరాబాద్ పరుగెత్తక్కరలేదు.

అయితే జిల్లా కోర్టులోనే వేయాలి, తాలూకా కోర్టులో కాదు. రాయగడ, పర్లాకిమిడి వారికి జిల్లా కోర్టు ఊళ్లోనే ఉంది. కొరాపుట్ జిల్లా కోర్టు జయపురంలో ఉంటుంది. సిరొంచ వారికి మాత్రం గడ్చిరోలి దాకా ప్రయాణం తప్పదు, ఆపైన నాగపూర్ బెంచి. గోదావరికి అవతల కాళేశ్వరం ఎంత దగ్గరగా కనిపించినా, నివాసం సిరొంచలో ఉంటే సెక్షన్ 62 సౌకర్యం మహారాష్ట్రలోనే. తగాదా విలువ 3 లక్షల రూపాయలకు తగ్గకపోతే అది వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వెళ్తుంది. అప్పుడు అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరితే తప్ప ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

ఈ సౌకర్యాన్ని కంపెనీలు సాగదీస్తే సుప్రీంకోర్టు 2015లో సంజయ్ దాలియా కేసులో కళ్లెం వేసింది. ప్రధాన కార్యాలయం ఉన్న చోటనే వ్యాజ్య కారణమూ పుట్టినప్పుడు, అది వదిలి ఎక్కడో ఉన్న శాఖ పేరు చెప్పి అక్కడ దావా వేయడం కుదరదంది. సొంత ఊళ్లో ఉండే కళాకారుడికి దీనివల్ల ఇబ్బంది లేదు.

వెబ్‌సైటు ఇక్కడ తెరుచుకున్నంత మాత్రాన ఇక్కడి కోర్టుకు అధికారం వస్తుందా? 2009లో బనియన్ ట్రీ కేసులో ఢిల్లీ హైకోర్టు రాదని చెప్పింది. ప్రతివాది ఆ ప్రాంతపు జనాన్ని ఉద్దేశించి, వాళ్లతో లావాదేవీ జరిపే పద్ధతిలో సైటును వాడుకున్నాడని చూపాలి. అది ట్రేడ్‌మార్క్ తరహా తగాదా, పైగా వాది ఆ కోర్టు పరిధిలో లేని సందర్భం. సెక్షన్ 62 ఉన్నప్పుడు మీ పని తేలికే. అయినా విదేశీ ప్రతివాది ఎదురుగా ఉన్నప్పుడు ఈ ప్రశ్న రాక మానదు. అడుగు 3లో రూపాయల చందా బటన్‌ను భద్రపరచమన్నది ఇందుకే.

సమన్లు టెక్సస్‌కు చేరాలంటే హేగ్ సర్వీస్ ఒప్పందం దారి. మన దేశంలో అది 2007 నుంచి అమల్లో ఉంది. నెలలు పట్టే పని, ఓపిక పట్టాలి. ఎవరు పెట్టారో తెలియని దొంగ సైట్లయితే అశోక్ కుమార్ అన్న మారుపేరుతో, అంటే గుర్తు తెలియని ప్రతివాది మీద, దావా వేయవచ్చు. 2019లో యూటీవీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సైటు పేరు మార్చుకుని తిరిగి వచ్చినా అడ్డుకునే ఉత్తర్వు ఇచ్చింది. అది ఇక్కడి ఇంటర్నెట్ సంస్థల మీద పనిచేస్తుంది, విదేశీ యజమాని జాడ తెలియకపోయినా.

అడుగు 6: ఏ చట్టం వర్తిస్తుంది

కోర్టు దొరికింది కదా అని ఆ కోర్టు దేశపు చట్టమే అన్నింటికీ వర్తిస్తుందనుకోవద్దు. బెర్న్ ఒప్పందం 5(2) అధికరణ ప్రకారం రక్షణ ఎంత, పరిహారం ఎలా అన్నది రక్షణ కోరిన దేశపు చట్టం తేలుస్తుంది. ఒకే వీడియోను భారత్‌లో చూసినందుకు మన చట్టం, అమెరికాలో చూసినందుకు అమెరికా చట్టం, జర్మనీలో చూసినందుకు జర్మన్ చట్టం. యూరప్ దీన్ని రోమ్ 2 నిబంధన 8వ అధికరణలో రాసుకుంది. పార్టీలు ఒప్పందం చేసుకున్నా దీన్ని తప్పించుకోలేవు.

సర్వర్ ఎక్కడ ఉందన్న వాదనను ఎక్కువ పట్టించుకోకండి. 2018లో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ముందుకు ఒక పోలిష్ ప్రసార సంస్థ కేసు వచ్చింది. కార్యక్రమాలు పోలండ్ నుంచి ప్రసారమైనా, అమెరికా ప్రేక్షకుల తెర మీద కనిపించాయి కాబట్టి అమెరికా చట్టం కింద ఉల్లంఘనే అని కోర్టు తేల్చింది. రాయగడ నుంచి అప్‌లోడ్ చేసే మనకు కూడా ఇది వర్తించే తర్కమే.

హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు మాత్రం వేరే చట్టం రావచ్చు. 1998లో ఇటార్-టాస్ కేసులో న్యూయార్క్ అప్పీలు కోర్టు, యాజమాన్యాన్ని రచన పుట్టిన రష్యా చట్టంతోనూ ఉల్లంఘనను అమెరికా చట్టంతోనూ తేల్చింది. కాబట్టి టెక్సస్‌లో దావా నడిచినా, మీ స్టూడియో కాగితాన్ని మన సెక్షన్ 19తో చదవమని అడగడానికి దారి ఉంది.

గడువు లెక్కల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. 1945లో మరణించిన రచయిత 1935లో ప్రచురించిన తెలుగు పుస్తకాన్ని తీసుకోండి. మన దేశంలో మరణానంతరం 60 సంవత్సరాలు, అంటే 2005 చివరితో ముగిసింది. అమెరికాలో అలాంటి విదేశీ పుస్తకానికి 1996లో హక్కు పునరుద్ధరణ జరిగి, ప్రచురణ నుంచి 95 సంవత్సరాలు, అంటే 2030 చివరి దాకా రక్షణ నడుస్తుంది. బరంపురంలో కూర్చుని దాన్ని చదివి ఆడియోగా పెట్టడం ఇక్కడ తప్పు కాదు, అమెరికా శ్రోతల విషయంలో తప్పు కావచ్చు. ఇలాంటప్పుడు ఆ దేశానికి వీడియో కనిపించకుండా అమర్చుకోవడం చౌకైన పరిష్కారం.

అడుగు 7: పరాయి దేశపు కోర్టుకు వెళ్లడం ఎప్పుడు లాభం

అవతలివాడికి అక్కడ చెప్పుకోదగ్గ ఆదాయం ఉంటేనే. అమెరికాలో సకాలంలో, అంటే ఉల్లంఘనకు ముందో ప్రచురించిన 3 నెలల్లోపో రిజిస్టర్ చేసి ఉంటే ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్ల దాకా, తెలిసి చేసిన తప్పుకు 1,50,000 దాకా నష్టం రుజువు చేయకుండానే అడగవచ్చు. చేయకపోతే అసలు నష్టం, వాళ్ల లాభం రుజువు చేసుకోవాలి. విదేశీ రచనకు దావా వేయడానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు గానీ ఈ లాభం రాదు. మామూలు ఆన్‌లైన్ దరఖాస్తుకు 65 డాలర్లు. డబ్బు తెచ్చిపెట్టే పాట అనిపిస్తే ముందే కట్టేయండి.

టెక్సస్ ఛానల్ మీద చిన్న తగాదాకు 2022లో మొదలైన కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు ఉంది. రుసుం మొత్తం 100 డాలర్లు, పరిహారం గరిష్ఠంగా 30,000 డాలర్లు, పని అంతా ఆన్‌లైన్‌లో. రెండు మెలికలు. రిజిస్ట్రేషన్‌కు కనీసం దరఖాస్తు చేసి ఉండాలి, అవతలివాడు 60 రోజుల్లో వద్దంటే కేసు అక్కడితో ఆగుతుంది. అమెరికా బయట ఉన్న దుబాయ్ మనిషి మీద ఇది పనిచేయదు. ఈ బోర్డులో కేసు వేసినా కౌంటర్ నోటీసు గడియారం ఆగుతుంది, అది దీనిలోని పెద్ద సుఖం. బ్రిటన్‌లో ఉన్నవారి మీద 10,000 పౌండ్ల లోపు చిన్న తగాదాలకు ప్రత్యేక కోర్టు మార్గం ఉంది. ప్రతివాది ఇంగ్లండ్‌లో ఉంటే విదేశీ కాపీరైట్ తగాదా కూడా అక్కడ వినవచ్చని బ్రిటన్ సుప్రీంకోర్టు 2011లో లూకాస్‌ఫిల్మ్ కేసులో చెప్పింది. జర్మనీ మనిషైతే అతను ఉన్న చోటే వేయండి. వీడియో కనిపించిన ఇంకో యూరప్ దేశంలో వేస్తే ఆ దేశంలో జరిగిన నష్టమే దక్కుతుందని 2015లో హెయ్దుక్ కేసులో యూరప్ కోర్టు తేల్చింది.

అడుగు 8: నోటీసు మీకే వస్తే

సిరొంచలో ఛానల్ నడిపే తమ్ముడికి అమెరికా సంస్థ నుంచి నోటీసు వచ్చిందనుకోండి. కౌంటర్ నోటీసు ఫారంలో ఒక వాక్యం ఉంటుంది: విదేశంలో ఉన్నవారైతే, ప్లాట్‌ఫామ్ ఉన్న అమెరికా జిల్లా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని. చాలామంది చదవకుండానే టిక్ పెట్టేస్తారు. విదేశీ తీర్పును ఇక్కడ అమలు చేయబోతే మనకుండే మొదటి రక్షణ, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 13 కింద, ఆ కోర్టుకు అధికారం లేదన్న వాదనే. సంతకంతో పరిధిని ఒప్పుకున్నాక ఆ వాదన బలహీనపడుతుంది. విచారణ లేకుండా వచ్చిన ఎక్స్‌పార్టీ తీర్పు గుణదోషాల మీద ఇచ్చింది కాకపోతే ఇక్కడ కట్టుబడనక్కరలేదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఆ రక్షణ మిగులుతుంది గానీ దాన్ని నమ్ముకుని నోటీసును చించి పారేయడం తెలివి కాదు. మీ వాడకం సమీక్ష, విమర్శ కోవలోకి నిజంగా వస్తుందా అన్నది చూసుకుని, వస్తుందనుకుంటేనే కౌంటర్ పెట్టండి. రాదనిపిస్తే వీడియో తీసేసి, రాజీకి ఒక మర్యాదైన ఉత్తరం రాయండి.

అడుగు 9: వచ్చే ఒప్పందంలో రాయించుకోవలసినవి

ప్రాంతం, కాలం, రుసుం, పేరు ఎలా వేయాలి. దాంతోపాటు తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలి. విదేశీ సంస్థతో ఒప్పందమైతే నా ఓటు కోర్టుకు కాదు, ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట ఇరుపక్షాలూ ఒప్పుకున్నవారు చెప్పే తీర్పుకు. 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం వల్ల ఇక్కడి ఆర్బిట్రేషన్ తీర్పు అమెరికాలోనూ, అక్కడిది ఇక్కడా అమలవుతాయి. కోర్టు తీర్పుకు ఆ సుఖం లేదు. విచారణ స్థలం భువనేశ్వరో హైదరాబాదో రాయించుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. అయితే ఈ నిబంధన ఒప్పందం చేసుకున్న వాళ్లనే కట్టేస్తుంది, పాటను ఎత్తుకుపోయిన పరాయివాణ్ని కాదు.

నష్టపరిహారం దావాకు మన దేశంలో గడువు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి 3 సంవత్సరాలు. తొలగింపు నోటీసులు, రాజీ ఉత్తరాలు నడుస్తున్నాయని ఆ లెక్క ఆగదు.